మంచులో వదిలేసిన కూజా మొక్క

బడిలో కీటకాహార మొక్క అంటే నెపంథిస్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. న్యూజెర్సీ వచ్చాక నర్సరీలో సరసేనియా పర్‌ప్యూరియా అనే మరో కూజా మొక్క కనబడితే దాని చుట్టమే అనుకున్నాను. కాదట. మన మేఘాలయ నెపంథిస్ గడ్డకట్టే చలికి బతకదు. ఇది ఇక్కడి పైన్ బారెన్స్ అనే అడవి ప్రాంతపు బురద నేలల్లో మంచు కిందే చలికాలం వెళ్ళదీసే మొక్క. కూజాలు కూడా ఆకు కొసన వేలాడవు, ఆకే కూజాగా నేల మీంచి లేస్తుంది.

నాటడం తేలికే. పీట్ మాస్ (బురద నేలల్లో చివికిన నాచు), పెర్లైట్ (తెల్లటి గుల్ల రాతి గుళికలు) సగం సగం, ఎరువు కలవనివి. ప్లాస్టిక్ కుండీ, కింద అంగుళం నీళ్ళున్న పళ్ళెం, రోజంతా ఎండ. నీళ్ళతోనే తంటా వచ్చింది. నీళ్ళలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటరు పెడితే మా కుళాయి నీళ్ళు 180 పీపీఎం (పది లక్షల్లో 180 పాళ్ళు) చూపించాయి, దీనికి 50 లోపే ఉండాలి. చూరు కింద బకెట్లు పెట్టి వాన నీళ్ళు పట్టాను. వాన లేని వారాల్లో డిస్టిల్డ్ వాటర్ కొన్నాను. మొక్కకి నీళ్ళు కొనేవాణ్ణి నేనొక్కణ్ణేనేమో!

ఆ వేసవిలో వచ్చిన అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు పోయబోయింది. వద్దన్నాను. "ఏ బలమూ వెయ్యకుండా ఎలా పెంచుతావురా?" అంది. పురుగుల్ని తింటుందమ్మా అంటే "పాపిష్టిది" అని పక్కకి జరిగింది. మర్నాటి నుంచి మాత్రం రోజూ తొంగి చూసి, ఎన్ని చీమలు పడ్డాయో లెక్క చెప్పేది.

మొదటి చలికాలం జాలిపడి లోపలికి తెచ్చి, హీటరున్న హాల్లో పెట్టాను. ఫిబ్రవరికల్లా ఆకులు పాలిపోయి సన్నగా సాగాయి, వసంతంలో పువ్వే లేదు. మూడు నాలుగు నెలలు చలిలో నిద్రపోతే తప్ప దానికి సత్తువ రాదని అప్పుడు తెలిసింది.

రెండో ఏడు బయటే ఉంచాను. నేలలోని వేళ్ళకి నేలే దుప్పటి. కుండీకి ఆ రక్ష లేదు, నాలుగు వైపుల నుంచీ గడ్డకడుతుంది, పైగా గాలికి తేమ పోతుంది. అందుకని గాలి తగలని గోడ వారగా గొయ్యి తీసి, కుండీని అంచు దాకా పాతి, పైన పైన్ సూదులు నాలుగంగుళాలు పరిచాను. జనవరిలో ఒక రాత్రి మైనస్ 15 డిగ్రీలు. కూజాలో నీళ్ళు గాజుముక్కలా బిగుసుకున్నాయి. ఒకటే టెన్షన్, తలుపు దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చాను. మర్నాడు అడుగు మందాన మంచు కురిసి కుండీ కనబడకుండా పోయింది. అదీ ఒక దుప్పటే కదా అని ఆ రాత్రి నిద్రపోయాను.

మార్చి చివర పైన్ సూదులు తీస్తే కూజాల అంచులు గోధుమరంగుకి మాడాయి. మొదలు నొక్కి చూస్తే గట్టిగానే ఉంది. ఏప్రిల్లో, కొత్త కూజా ఒక్కటీ విచ్చుకోకముందే, గోళీ అంత మొగ్గ లేచింది. మే నెలలో ఎర్రటి పువ్వు తల వంచుకుని పూసింది, లోపల తిరగేసిన గొడుగు లాంటిది ఒకటి.

వీడియో కాల్‌లో చూపించాను. అమ్మ కళ్ళజోడు సవరించుకుని, "పువ్వు సరే, చీమలెన్ని?" అంది.