నా టెస్లా కాయిల్ (వోల్టేజీని గాల్లోకి మెరుపులు చిమ్మేంతగా పెంచే పరికరం) పలికింది!

నాలుగంగుళాల పీవీసీ పైపు మీద అర మిల్లీమీటరు ఎనామిల్ రాగి తీగ 900 చుట్లు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా చేత్తో చుట్టేసరికి రెండు ఆదివారాలు పట్టింది. తీరా నియాన్ బోర్డు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఆన్ చేస్తే వచ్చింది మూడంగుళాల స్పార్క్. తప్పు చుట్లలో లేదు, ట్యూనింగ్‌లో ఉంది. 1891లో టెస్లా చేసినప్పటి నుంచీ దీని కిటుకు ఒకటే, రెండు కాయిళ్ళూ (కింద కొద్ది చుట్ల ప్రైమరీ, పైపు మీద 900 చుట్ల సెకండరీ) ఒకే ఫ్రీక్వెన్సీలో ఊగాలి. పైన అల్యూమినియం డక్టు రింగు పెట్టగానే కెపాసిటెన్స్ (చార్జ్‌ని పట్టి ఉంచే సామర్థ్యం) పెరిగి సెకండరీ ఫ్రీక్వెన్సీ పడిపోయింది, కింద ప్రైమరీకి మాత్రం నేను పాత లెక్కే ఉంచేశాను. ప్లగ్ పీకి, కెపాసిటర్‌ని డిశ్చార్జ్ చేసి (ఇది మాత్రం మర్చిపోకండి, అందులో మిగిలిన చార్జ్ ప్రాణం తీయగలదు) ప్రైమరీ మీది ట్యాప్‌ని (ఎన్ని చుట్లు వాడాలో తేల్చే కనెక్షన్) ఏడో చుట్టు నుంచి ఎనిమిదిన్నరకి జరిపాను. ఈసారి అడుగున్నర మెరుపు! ఆ చప్పుడుకి ఒళ్ళు పులకరించింది.