బిల్లుకు నా నంబరు ఎందుకు?
నిన్న బట్టల షాపులో రెండు తువ్వాళ్లు కొంటే, కౌంటర్లో అబ్బాయి తల ఎత్తకుండానే "నంబర్ చెప్పండి మేడమ్" అన్నాడు. ఇవ్వనంటే సిస్టమ్ తీసుకోదన్నాడు, వెనక లైన్లో వాళ్లు విసుక్కుంటున్నారు, అయినా నేను ఇవ్వలేదు. చివరికి మేనేజర్ వచ్చి పది సున్నాలు కొడితే బిల్లు వచ్చేసింది! నంబరు కోసం కొనేవాళ్లను బలవంతపెట్టొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలోనే షాపులకు చెప్పింది. అంతకుముందే, 2017 ఆగస్టు 24న, గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టులో 9 మంది జడ్జిలు ఏకగ్రీవంగా తేల్చారు. ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు రిటైర్డ్ జడ్జి, తీర్పు వచ్చేసరికి తొంభై దాటిన పెద్దాయన, ఆ వయసులో మనందరి కోసం నిలబడ్డారు. మా అమ్మ ఎవరడిగినా నంబరు చెప్పేస్తుంది, ఇక రోజంతా లోన్ కావాలా అంటూ ఫోన్లే. ఆ అబ్బాయి మీద నాకేం కోపం లేదు, అతనితో అడిగించేవాళ్ల మీదే. ఈసారి మీరూ అడగండి, ఎందుకు కావాలి, ఎవరికిస్తారు అని.