బేత్లెహేము గడప దగ్గర

బేత్లెహేము నుంచి వచ్చి ఎనిమిది రోజులైంది. సూట్‌కేసు ఇంకా హాల్లోనే ఉంది, సగం బట్టలు తీయనేలేదు. దేవరకొండలో ఎవరు ఎదురైనా "అమ్మగారూ, యాత్ర ఎట్ల జరిగింది?" అని అడుగుతున్నారు. రోడ్డు మీద నిలబడి చెప్తే అయ్యే మాట కాదు. అందుకే రాస్తున్నాను.

ఇది మొక్కుబడి. 2021 మే నెలలో మా అయ్యగారికి (నా భర్త, మా సంఘ కాపరి) కరోనా సోకి ఆక్సిజన్ మీద పంతొమ్మిది రోజులు ఉన్నారు. లోపలికి నన్ను రానివ్వలేదు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, ఒక రాత్రి ప్రార్థన చేయడానికి మాటలు కూడా రాక, "ప్రభువా, ఈయనను లేపి ఇంటికి పంపితే నువ్వు పుట్టిన చోట క్రిస్మస్ నాడు ఇద్దరం మోకరిస్తాం" అన్నాను. అంతే. ఆరోజు నుంచి ఆయన తేరుకున్నారని చెప్పను. ఇంకో మూడు రోజులు మమ్మల్ని ఏడిపించే తేరుకున్నారు. కానీ ఇంటికి వచ్చారు.

మోకరిస్తాం అని మాటిచ్చాను గానీ ఆయన నడుము సంగతి అప్పుడు నాకు తట్టలేదు. మేము కొత్తగా సేవలోకి వచ్చిన రోజుల్లో మర్రిగూడ వైపు పదకొండేళ్ళు ఉన్నాం. అక్కడ బోరు నీళ్ళే దిక్కు. ఆ నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఉందని, అది ఎముకల్లో చేరుతుందని మాకు తెలిసేసరికి చేరాల్సింది చేరిపోయింది. నేను వేరే ఊళ్ళో పెరిగినదాన్ని, నాకు కాస్త తక్కువ. ఆయన అక్కడి నీళ్ళు తాగుతూనే పెరిగారు. ఇప్పుడు డెబ్బై ఒకటి. నడుము, మెడ కర్రలా బిగుసుకుపోయాయి. చెప్పుల బెల్టు నేనే పెడతాను. కింద పడ్డ బైబిలు తీయాలంటే గోడ పట్టుకుంటారు. మా తండాల్లో, పల్లెల్లో ఇలాంటివాళ్ళు ఇంకెంతమందో ఉన్నారు. కృష్ణా నీళ్ళు వచ్చాక పిల్లలకు ఆ బాధ తగ్గింది గానీ, వంగిపోయిన ఎముకలు మళ్ళీ సరికావు.

డబ్బు ఎట్లా కూడిందో, వీసా ఎట్లా వచ్చిందో అదంతా పెద్ద కథ. పిల్లలు తలా కొంత వేశారు, నా రెండు గాజులు పోయాయి. అసలు కష్టం సంఘానికి చెప్పడం. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్క క్రిస్మస్ కూడా మేము సంఘాన్ని వదిలి ఎక్కడికీ పోలేదు. డిసెంబరు వచ్చిందంటే వెదురు బద్దలతో నక్షత్రం కట్టడం, రాత్రుళ్ళు జీపులో చందంపేట, నేరేడుగొమ్ము తండాలకు పాటలతో పోవడం, పండుగ నాడు గుడి వెనకాల బగారా అన్నం, మటన్ కూర దబరాలు దించడం. ఇవన్నీ లేకుండా క్రిస్మస్ ఏంటని నాకే దిగులు. చివరికి వాళ్ళే "పోయి రండి అమ్మా" అని ప్రార్థన మనవుల చీటీలు రాసిచ్చారు. ఎన్నో లెక్కపెట్టలేదు, అయ్యగారి చొక్కా జేబు ఉబ్బిపోయింది. చందంపేట అవతలి తండా నుంచి ఒక ముసలమ్మ వచ్చింది, రాయడం రాదు. "నాకు చీటీ లేదయ్యా. మా తండా పేరు మాత్రం జెప్పు, దేవునికి తెల్సు" అన్నది.

శంషాబాదులో ఎక్కాం, జోర్డాను మీదుగా పోయాం, సరిహద్దు వంతెన దగ్గర గంటల తరబడి కూర్చున్నాం. ఆ మూడు నాలుగు రోజులు నాకు కలగలిసిపోయాయి. బస్సు, హోటలు, బస్సు.

డిసెంబరు 24 శనివారం నాటికి బేత్లెహేము చేరాం. ఆ జనాన్ని నేను జీవితంలో చూడలేదు. కరోనా తర్వాత ఇన్నాళ్ళకు యాత్రికులు ఇంతమంది రావడం మంచిదే, ఆ ఊరు వాళ్ళకు అదే బతుకుతెరువు. కానీ తొక్కుకుంటూ, ఒకరి భుజం మీద నుంచి ఒకరు ఫోన్లు చాచి వీడియోలు తీయడం ఏం భక్తి? మన తెలుగువాళ్ళు కూడా తక్కువేం తినలేదు, చెప్పడానికి బాధగా ఉంది. మధ్యాహ్నం యెరూషలేము నుంచి పాట్రియార్కు గారి (అక్కడి క్యాథలిక్కుల పెద్ద బిషప్పు) ఊరేగింపు వచ్చింది. ముందు స్కౌటు పిల్లలు డప్పులు, బ్యాగ్‌పైపులు వాయిస్తూ నడిచారు. చాలా బాగుంది, కానీ గుడి కింద ప్రభువు పుట్టాడనే గుహలోకి మమ్మల్ని పోనివ్వలేదు. మరుసటి రోజు మధ్యాహ్నమే మా బస్సు బయల్దేరుతుంది. నాకు టెన్షన్ మొదలైంది.

రాత్రి ఎనిమిదిన్నరకు చౌకులో పెద్ద తెర ముందు నిలబడి ఉంటే కోడలు వీడియో కాల్ చేసింది. మన దగ్గర అప్పుడు పన్నెండు. దేవరకొండలో మా గుడి గంట మోగుతోంది, పిల్లలు కేకలు వేస్తున్నారు, వెదురు నక్షత్రం ఈసారి కాస్త వంకరగా కట్టారు. నేను ఫోను పట్టుకుని ఏడ్చేశాను. నల్లగొండకు మిషనరీలుగా వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్, మరియ దంపతులు గుర్తొచ్చారు. రష్యా నుంచి 1889లో బయల్దేరి వచ్చి, మన నల్లగొండలో కాపురం పెట్టారు. మంచు కురిసే దేశం వాళ్ళు. తెలుగు ముక్క రాకుండా ఇక్కడ మొదటి క్రిస్మస్ ఎలా చేసుకున్నారో! వాళ్ళకు వీడియో కాల్ లేదు. ఇంటి నుంచి ఉత్తరం రావాలంటే ఓడలో రావాలి. అయ్యగారికి ఆ మాటే చెప్తే, "వాళ్ళు ఏడ్చినా మనకు చెప్పలేదు" అన్నారు.

25 తెల్లవారుజామున, గైడు లేకుండా మేమిద్దరమే నడిచిపోయాం. రెండు స్వెటర్లు, మీద శాలువా. అప్పటికే వరస ఉంది.

ఆ గుహ మీద కట్టిన గుడి ముఖద్వారం చాలామంది ఫోటోల్లో చూసే ఉంటారు. నాలుగడుగుల ఎత్తు. గోడలో పైన పాత పెద్ద కమాను గుర్తు కనిపిస్తుంది, దాన్ని రాళ్ళతో పూడ్చి ఇంత చిన్న సందు మిగిల్చారు. గుర్రాలతో, బండ్లతో లోపలికి దూసుకురాకుండా ఇలా కట్టారట. వినయ ద్వారం అంటారు. ఎంతటివాడైనా వంగితేనే లోపలికి. మా ఆయన వంగలేరు.

ఒకసారి ప్రయత్నించారు. నుదురు రాయికి తగిలింది. ఇంకోసారి కర్ర పక్కన పెట్టి పక్కకు తిరిగి చూశారు, కాలు జారింది. వెనక నుంచి అరుపులు, నాకు తెలియని భాషల్లో. ఒకావిడ నన్ను నెట్టుకుంటూ ముందుకు పోయింది. నేను రెండు చేతులూ చాచి ద్వారానికి అడ్డంగా నిలబడిపోయాను, ఏం చేయాలో తెలియక. "నువ్వు పోయి రా. నేను బయటుంటా. దేవుడు చూస్తాడు" అన్నారాయన. నాకు గొంతులో మాట రాలేదు. పంతొమ్మిది రోజులు ఆసుపత్రి గుమ్మం బయట కూర్చున్నదాన్ని, ఇక్కడ ఆయన్ను గుమ్మం బయట వదిలి ఎట్లా పోను?

చౌకు మూల నువ్వులద్దిన పెద్ద రింగు రొట్టెలు అమ్మే పెద్దాయన ఒకాయన, ఉన్ని టోపీ పెట్టుకుని, తోపుడుబండి దగ్గర నుంచి ఇదంతా చూస్తున్నారు. బండిని అలాగే వదిలేసి వచ్చారు. వరసలో వాళ్ళకు అరబీలో ఏదో గట్టిగా చెప్పారు, అందరూ ఆగారు. ఆయన ముందు తాను లోపలికి దూరి, మాకు ఎదురుగా తిరిగి, ఆ చల్లటి బండ మీద మోకాళ్ళూనారు. అయ్యగారి రెండు చేతులూ తీసుకుని తన భుజాల మీద వేసుకున్నారు. నడుము వంచొద్దు, బరువంతా నా మీద వేసి ముందుకు వాలు అని సైగ చేశారు. "షువై షువై" అంటున్నారు, మెల్లగా మెల్లగా అని. నేను వెనక నుంచి నడుము పట్టుకున్నాను. పై రాయి దగ్గరికి వచ్చేసరికి ఆ పెద్దాయన ఒక చెయ్యి తీసి రాయికీ మా ఆయన తలకీ మధ్య పెట్టారు. తల ఆ చేతిని ఒరుసుకుంటూ పోయింది. ఆ వేళ్ళ వెనక చర్మం గీసుకుపోయింది, నేను చూశాను. నువ్వులు ఇంకా అంటుకునే ఉన్నాయి.

లోపల నిలబడ్డాక మా ఆయన జేబులో నోటు కోసం వెతుకుతుంటే ఆయన గుండె మీద చెయ్యి పెట్టి తల అడ్డంగా ఊపి, అలాగే వంగి బయటికి పోయారు. పేరడగలేదు. క్రైస్తవుడో ముసల్మానో కూడా తెలియదు.

గుహలోకి దిగే మెట్లు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. ఒక్కో మెట్టు దిగడానికి చాలాసేపు పట్టింది. కింద ఇరుకు, దీపాల వేడి, నూనె వాసన. చిన్న బలిపీఠం కింద చలువరాతిలో పద్నాలుగు కొసల వెండి నక్షత్రం. ఇక్కడే కన్య మరియకు యేసుక్రీస్తు పుట్టాడని దాని చుట్టూ లాటిన్‌లో రాసి ఉంటుంది. మధ్యలో గుండ్రటి రంధ్రం, అందులో చెయ్యి పెడితే రాయి తగులుతుంది.

వెండికీ రాయికీ మొక్కడం మా విశ్వాసంలో లేదు. అయినా నా మోకాళ్ళు వాటంతట అవే నేలకు ఆనాయి. ఆయన నా భుజం పట్టుకుని ఒక మోకాలు ఎలాగో ఆనించారు, రెండోది రాలేదు. నక్షత్రం దాకా వంగలేరు కదా, అందుకని ఎడమ చెయ్యి ఆయనకిచ్చి కుడి చెయ్యి లోపల పెట్టాను. రాయి చల్లగా, తడిగా ఉంది. ఆయన జేబులో చీటీలు తీయబోయారు. పక్కనున్న కాపలావాడు అప్పటికే "యల్లా, యల్లా" అంటున్నాడు, కానివ్వండి కానివ్వండి అని. చీటీలు వదిలేసి కళ్ళు మూసుకున్నారు. "చందంపేట" అన్నారు. తర్వాత ఆ ముసలమ్మ తండా పేరు. నేరేడుగొమ్ము, డిండి, చింతపల్లి, మల్లేపల్లి, మర్రిగూడ... సువార్తకు తిరిగిన ఊళ్ళన్నీ, సైకిలు మీద పోయిన దారి వరసలోనే. వేరే ప్రార్థన ఏమీ చేయలేదు. ఎవరో నా చంక కింద చెయ్యి వేసి లేపారు. మొత్తం పావు నిమిషం ఉంటుందేమో.

బయటికొచ్చేసరికి తెల్లారింది. రొట్టెల బండి అక్కడ లేదు. చౌకు అంతా వెతికాం, తర్వాత బస్సు టైమైంది.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఆ ముసలమ్మ గుడి మెట్ల దగ్గర ఆగింది.

"మా తండా పేరు జెప్పినవా అయ్యా?"

"చెప్పినమ్మా. మొదట మీ దిక్కు నుంచే మొదలువెట్టిన."

ఆమె కొంగు ముడి విప్పి పది రూపాయల నోటు తీసి, కానుక పెట్టెలో వేసి, బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.