పువ్వు ఫొటోకి పర్మిషన్: కోరంగి మడ అడవుల్లో నా అనుభవం

పర్మిషన్ కాగితం వచ్చింది, పువ్వూ చూసొచ్చాను. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు స్కైఫిఫొరా మీద. కాఫీ కుటుంబానికి చెందిన మడ మొక్క, దాని ప్రజాతిలో అదొక్కటే జాతి. మన తీరంలో చాలా అరుదు. మడల్లో అది పెరిగేది ఎక్కువగా నేల వైపు అంచున. రొయ్యల చెరువుల తవ్వకం మొదలయ్యేదీ ఆ అంచునే.

గైడ్ సంతకం, కాలేజీ లెటరు తేలిగ్గానే అయిపోయాయి. ఆ తర్వాత కోరంగి అభయారణ్యంలోకి వెళ్లే పర్మిషన్ కోసం ఒక ఆఫీసు. అక్కడి గుమాస్తా దరఖాస్తు చూసి, "షెడ్యూల్లో ఈ మొక్క నంబరెంత?" అన్నాడు. షెడ్యూల్ అంటే వన్యప్రాణి చట్టంలో రక్షణ ఉన్న మొక్కల జాబితా. అందులో లేదండీ అన్నాను. "లేనప్పుడు మా పర్మిషన్ ఎందుకు?" అయితే ఆ మాటే రాసివ్వండి, వెళ్తాను అన్నాను. "పర్మిషన్ లేకుండా లోపలికెళ్తే కేసవుద్ది" అన్నాడు. ఎన్నిసార్లు వెళ్లినా ఇదే పాట. చివరికి అందరి ముందూ, "ఇంతకీ ఏ చెరువుల ఆసామి పంపాడమ్మా నిన్ను, స్థలం చూసి రమ్మని?" అని నవ్వాడు. పక్కనే మా నాన్న. ఒక్క మాట కూడా అనకుండా తల దించుకుని బయటికి నడిచారు. అది నేను మర్చిపోను.

ఆ రాత్రి 1972 వన్యప్రాణి చట్టం ముందేసుకుని కూర్చున్నాను. 1991లో మొక్కల షెడ్యూల్ చేర్చినప్పుడు అందులో ఉన్నవి ఆరంటే ఆరే. కానీ నాకు కావలసింది షెడ్యూల్ కాదు, 28వ సెక్షన్. అభయారణ్యంలోకి పరిశోధనకీ ఫొటోలకీ పర్మిట్ ఇవ్వొచ్చని అందులో ఉంది. అందుకు మొక్క జాబితాలో ఉండాలన్న షరతు లేదు. కోరంగి 1978 నుంచీ అభయారణ్యమే. అక్కడి ప్రతి మొక్కకీ ఆ నేలే రక్షణ. ఈమాత్రం తెలియనివాళ్లు ఆ కుర్చీల్లో కూర్చోకూడదు.

మీరు దరఖాస్తు పెడితే మొదటి వాక్యంలోనే 28వ సెక్షన్ రాయండి. గుమాస్తాతో వాదన పెట్టుకోకండి, నేరుగా పై అధికారిని కలవండి. నా కాగితం ఒక మేడమ్ నిలబడే చదివి సంతకం పెట్టారు. కొమ్మ తెంపకూడదు, ఫొటోలే అన్నారు. న్యాయమే.

పోటు మీద పడవలో వెళ్లాం. పడవ బాబాయ్ "అది తిల్ల చెట్టమ్మా, పాలు కంట్లో పడితే చూపు పోద్ది" అంటూ ప్రతి మలుపులో జాగ్రత్త చెప్పాడు. వార్నిష్ పూసినట్టున్న స్కైఫిఫొరా ఆకుల్ని ముందు నేనే గుర్తుపట్టాను. ఆకుల మొదట్లో గుత్తులుగా చిన్న తెల్ల పూలు, నాలుగేసి రేకలు. మా తరగతిలో దీన్ని చెట్టు మీద చూసింది నేనొక్కదాన్నే.

కాయలింకా కట్టలేదు. వాటి ఫొటోలకి మళ్లీ దరఖాస్తు పెట్టాను. ఈసారి నేరుగా ఆ మేడమ్‌కే ఇచ్చాను.