ఆప్టిమస్ ప్రైమ్‌ని ఎందుకు చంపారంటే

రోబో బొమ్మల మీద 1986లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్స్ యానిమేషన్ సినిమాలో హీరో ఆప్టిమస్ ప్రైమ్ సగం కథ కూడా అవ్వకముందే చచ్చిపోతాడు. అప్పటికి రెండేళ్ల నుంచి టీవీలో వాణ్ణి చూస్తూ పెరిగిన అమెరికా పిల్లలు థియేటర్లలోనే ఏడ్చేశారంట. కథకి అవసరమై చంపుంటే నాకేం బాధ లేదు, పిల్లల కథల్లో కూడా చావు ఉండొచ్చు. కానీ ఆ బొమ్మలమ్మే హాస్బ్రో కంపెనీ పాత బొమ్మలు ఆపేసి కొత్తవి దింపుతోంది కాబట్టి పాతవాళ్లు వరసగా పోవాల్సొచ్చింది, ఈ మాట ఆ సినిమాకి పనిచేసిన రచయితలే తర్వాత చెప్పారు. పిల్లలు అంత గొడవ చేసేసరికి 1987లో టీవీలో మళ్లీ బతికించారు. అదే ఏడాది సైనికుల బొమ్మల మీద వచ్చిన జి.ఐ. జో సినిమాలో చావాల్సిన డ్యూక్‌ని, సీన్ గీసింది గీసినట్టే ఉంచేసి, కోమాలోకి వెళ్లాడని ఒక డైలాగ్ అతికించి బతికించేశారు.

ఇది తెలిసినప్పట్నుంచి బొమ్మల సినిమా ఏది చూసినా నా మనసులో ఒకటే ప్రశ్న, ఈ సీన్ రాసింది రచయితా, షాపులో అలమరా?

సినిమాని బట్టి బొమ్మలు అమ్మడం వేరు. 1977లో స్టార్ వార్స్ అంత ఆడుతుందని ఎవరూ అనుకోలేదు, క్రిస్మస్ టైముకి కెన్నర్ కంపెనీ దగ్గర బొమ్మలే రెడీగా లేవు, దాంతో అట్టపెట్టెలో ఒక కూపన్ పెట్టి అమ్మారు, బొమ్మలు తర్వాతి ఏడాది పోస్టులో వచ్చాయి. అంటే ముందు పిల్లలు కథని ప్రేమించారు, బొమ్మ దాని వెనకాల వచ్చింది. ఆ డబ్బు చూశాక వరస తిరగబడింది. 1969లో హాట్ వీల్స్ కార్ల మీద కార్టూన్ వస్తే ఇది అరగంట యాడ్ కదా అని అక్కడి ప్రభుత్వ కమిషనే అభ్యంతరం చెప్పింది, అదే కమిషన్ 1984లో పిల్లల టీవీ మీద ఉన్న హద్దులు ఎత్తేసింది, ఇక చూస్కోండి, ముందు బొమ్మ, తర్వాత దానికో కార్టూన్, ఆ తర్వాత సినిమా. ఈ వ్యాపారంలో టాయెటిక్ అని ఒక మాటుంది, బొమ్మగా చేసి అమ్మడానికి పనికొచ్చేది అని. 1997లో బ్యాట్‌మన్ అండ్ రాబిన్ తీసిన జోయెల్ షూమేకర్, సినిమా టాయెటిక్‌గా ఉండాలని స్టూడియో అడిగిందని తర్వాత చెప్పారు.

నా అసలు బాధ మా వాడి ఆట గురించి. వాడి దగ్గర ఒక రోబో ఉండేది, ఓ రోజు డాక్టరు, ఓ రోజు దొంగ, ఒకసారి వంటవాడు కూడా అయ్యాడు. దాని సినిమా చూసొచ్చాక నేను దాంతో ఏదో మాట్లాడిస్తుంటే "నాన్నా, వీడు అలా మాట్లాడడు" అని చెయ్యి పట్టుకుని ఆపేశాడు. ఆ రోజు నుంచి ఆ రోబో ఎవరో సినిమా వాళ్లే చెప్పాలి, మా వాడు చెప్పలేడు.

అందుకే ముక్కలు కలిపి ఆడుకునే లెగో బొమ్మల మీద 2014లో వచ్చిన సినిమా అంటే నాకు ఇష్టం, అందులో విలనే అన్నిటినీ జిగురు పెట్టి కదలకుండా అతికించేయాలనుకునేవాడు, బొమ్మలమ్ముకునే సినిమానే అయినా పిల్లాడి ఆట వైపు నిలబడింది. 2023లో బార్బీని గ్రెటా గెర్విగ్ చేతిలో పెట్టారు, ఆవిడ చెప్పాలనుకున్నది చెప్పింది, 140 కోట్ల డాలర్లకి పైగా వచ్చింది. దాన్నుంచి నేర్చుకోవాల్సింది డైరెక్టర్‌ని నమ్మాలని కదా, మరి బార్బీ బొమ్మలు చేసే మాటెల్ కంపెనీ ప్రకటించిన సినిమాల లిస్టు చూస్తే హాట్ వీల్స్ కనపడింది, ఊనో పేక ముక్కలు కూడా కనపడ్డాయి! గళ్లల్లో గురిపెట్టి ఓడలు ముంచే ఆటకి గ్రహాంతరవాసుల్ని తగిలించి 2012లో బ్యాటిల్‌షిప్ తీస్తే ఎలా బోల్తా కొట్టిందో అందరూ చూశారు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం, సినిమా చూసిన నెల దాకా దాని బొమ్మ కొనం, నెల తర్వాత కూడా వాడికి గుర్తుండి అడిగితే అప్పుడు కొంటాం. ఇప్పటికి ఒక్కదాన్నే అడిగాడు. అది హీరో కూడా కాదు, రెండు సీన్లలో కనపడే ఒక ముసలి రోబో, వాడికి సినిమాలో పెద్దగా మాటల్లేవు, అందుకని మా వాడు వాడికి రోజూ కొత్తగా మాటలు చెప్తున్నాడు.