వేగుచుక్క వేడి

"సూర్యుడికి దగ్గరున్నోడు బుధుడు కదా, ఆడే ఎక్కువ కాల్తాడేటి?" పొద్దున్నే కళింగపట్నం బీచ్‌లో వేగుచుక్కని చూస్తూ ఓ కుర్రాడి ప్రశ్న.

కాదు. బుధుడి మీద పగలు 430 డిగ్రీలు, రాత్రి మైనస్ 180. వేడిని పట్టి ఉంచే గాలి లేదు మరి.

శుక్రుడు, అంటే ఈ వేగుచుక్కే, దాదాపు రెట్టింపు దూరం. అయినా రాత్రీ పగలూ 465 డిగ్రీలు, సీసం కరిగిపోతుంది. మేఘాలు ముప్పావు వంతు ఎండని వెనక్కి కొట్టేస్తాయి, కాబట్టి లోపలికి చేరేది భూమి పీల్చుకునేదానికన్నా తక్కువే! కానీ గాలిలో 96 శాతం కార్బన్ డయాక్సైడ్, ఒత్తిడి మనకి 90 రెట్లు. నేల వదిలే పరారుణ కిరణాలు, అంటే కంటికి కనబడని వేడి కిరణాలు, అంత మందంలోంచి బయటపడలేవు.

చలి లెక్కా అంతే. నెప్ట్యూన్ ఎక్కువ దూరం, కానీ మైనస్ 224 నమోదైంది యురేనస్‌లో. దాని లోపలి పొయ్యి దాదాపు ఆరిపోయింది.