పెద్దమ్మ నిద్రమాత్రలు

పెద్దనాన్న పోయిన తరువాత రాత్రంతా కూర్చునే తెల్లవార్చుతున్న పెద్దమ్మకు ఒక డాక్టరుగారు అల్ప్రజోలం 0.25 మిల్లీగ్రాముల మాత్రను రెండు వారాలు వాడమని రాసి ఇచ్చారు. ఆ పాత చీటీనే చూపించి మేము ఆరేళ్ల పాటు అవే మాత్రలు కొంటూ వచ్చాము. ఒకటితో నిద్ర రానప్పుడు రెండు వేసుకుంది, ఆ తరువాత మూడు. బీపీ మాత్ర పక్కన అదీ ఒక మాత్రేనని మా ఇంట్లో అందరమూ అనుకున్నాము.

ఈ జాతి మందులు మెదడులో గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచి నరాల ఉద్రేకాన్ని అణచివేస్తాయి. కొన్ని వారాలు వరుసగా వాడితే మెదడు వాటికి అలవాటుపడి, అదే నిద్ర కోసం మరింత మోతాదు కోరుతుంది. వయసు పైబడినవారి ఒంట్లోంచి మందు త్వరగా బయటికి పోదు కనుక, రాత్రి వేసుకున్న మాత్ర పగటిపూట కూడా తూలును, మతిమరుపును మిగులుస్తుంది. పెద్దమ్మ మరుపును మేము ముసలితనంగానే చూశాము. ఒక తెల్లవారుజామున బాత్‌రూముకు లేచి తూలిపడి తుంటి ఎముక విరిగేదాకా మాకు అనుమానమే రాలేదు.

అసలు ప్రమాదం ఆసుపత్రిలో ఎదురైంది. ఏయే మందులు వాడుతున్నారని అడిగినప్పుడు బీపీకీ షుగరుకూ వాడేవి చెప్పి, నిద్రమాత్ర సంగతి చెప్పనేలేదు. దాచాలని కాదు, అది చెప్పవలసిన మందని మాకు తోచలేదు. మూడవ రోజుకు పెద్దమ్మ చేతులు వణకసాగాయి. గుమ్మంలో పెద్దనాన్న నిలబడి ఉన్నాడని, లోపలికి రమ్మనమని మమ్మల్ని బతిమాలింది. ఆ రాత్రి ఫిట్స్ వచ్చాయి. ఆమె సంచిలో ఖాళీ మాత్రల షీటును చూసి ఒక నర్సు అడిగాక గానీ, అలవాటైన మందు హఠాత్తుగా ఆగిపోవడమే కారణమని తెలియలేదు.

2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు కూడా ఇదే జరిగింది. ఆ కల్లులో కలిపేవాటిలో అల్ప్రజోలం, అదే జాతికి చెందిన డయాజెపామ్ ఉండేవి. కల్లు ఒక్కసారిగా దొరకకపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎందరో వణుకుతో, పిచ్చిచూపులతో, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. వారి ఒంట్లో ఉన్నదీ, మా పెద్దమ్మ దిండు కింద ఉన్నదీ ఒకే మందని అప్పట్లో ఆ వార్తలు చదివిన నాకు తట్టలేదు.

మన దేశంలో 2014 మార్చి 1 నుంచి అల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 కింద, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో ఉంది. అమ్మిన ప్రతిసారీ డాక్టరు పేరు, రోగి పేరు ప్రత్యేక రిజిస్టరులో రాసి, ఆ రిజిస్టరును మూడేళ్లు భద్రపరచాలి. ఆరేళ్లలో ఒక్కసారైనా ఎవరైనా ఆ చీటీ మీది తేదీ చూసి ఉంటే బాగుండేది, మేమూ చూడలేదు.

మద్యంతో గానీ, ట్రమడాల్ వంటి నొప్పి మందులతో గానీ కలిస్తే ఈ మాత్రలు శ్వాసను మందగింపజేసి ప్రాణం తీయగలవు. ఆపరేషన్ చేయించుకోబోయేవారు నిద్రమాత్రల సంగతి మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి. చాలాకాలంగా వాడుతున్నవారు భయపడి రాత్రికి రాత్రే మానేయకూడదు, డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం తగ్గించుకుంటూ రావాలి. పెద్దమ్మకు మోతాదును కొద్దికొద్దిగా తగ్గిస్తూ పూర్తిగా మాన్పించడానికి ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు నిద్ర పూర్తిగా కరువై, తగ్గించడం కొన్నాళ్లు ఆపవలసి వచ్చింది. ఇప్పుడు ఆమె మధ్యాహ్నం పడుకోవడం మానేసింది. రాత్రి అయిదు గంటలు నిద్రపోతుంది.